మధ్యాహ్నం రెండింటి బండ

మా వాకిలంతా నల్ల నాపబండ.
మా ఆయన కోసినదే.
తాడిపత్రి పాలిష్ ఫ్యాక్టరీకి పోయే మనిషి ఇంట్లో
మన్ను కనబడకూడదని పంతం.
మూల విరిగినవి, ఓనరు వద్దన్నవి
ట్రాక్టరు మీద రెండు దఫాలు తెచ్చి
గోడ నుంచి గోడకు పరిచినాడు.
అద్దమట్ల ఉండాది, ముఖం చూసుకోవచ్చు.
చూసుకునేదానికి వంగితే
ముఖం కాలుతాది.

మొదటి ఏడు గులాబీలు పెట్టినా,
కడియం లారీలో దిగినవి,
కాలవ పక్కన పెరిగిన పిల్లలు.
ఉగాదికి పూసినాయి.
శ్రీరామనవమికి ఆకు అంచు అప్పడమైంది.
ఆ మీద కార్తెలు లెక్కపెట్టే పనే లేకపోయింది.
క్రోటన్లు ఉన్న రంగులన్నీ కలిపి
ఒకే రంగు చేసుకొని పోయినాయి,
బీడీ ఆకు రంగు.

రెండో ఏడు, మొక్కలమ్మే కంబగిరిని
ఇంటికే పిలిచినా.
"నీళ్లు పోస్తే ఏదైనా వస్తాదమ్మా."
"నాలుగు దినాలకోసారి కొళాయి,
అదీ బిందెల కొట్లాట. ఇప్పుడు చెప్పు."
"మందారం..."
"చెప్పులిడిచి చెప్పు."
నవ్వినాడు. నేను నవ్వలేదు.
మే నెల, మధ్యాహ్నం రెండు.
చెప్పులిడిచి బండ మీద ఒక కాలు పెట్టినాడు,
మల్ల ఇంకో కాలు,
మల్ల రెండూ గాల్లో.
గడపెక్కి, అరికాళ్లు రుద్దుకుంటా
చానాసేపు
ఏ మొక్క పేరూ ఎత్తలేదు.

ఆ పొద్దు మునిమాపున ఆటోలో
షెడ్డు వెనక పడున్నవి తెచ్చినాడు,
ఎవరూ అడగనివి.

ఎడారి గులాబి. గులాబీ కాదు, గులాబీ చుట్టమూ కాదు.
బోదకాలొచ్చినట్ల పాదం.
తాగినదంతా ఆ పాదంలోనే దాస్తాదంట.
నాలుగు దినాల కొళాయికి
తగిన సంసారి.

కాగితప్పూల కొమ్మ, ఒళ్లంతా ముళ్లు.
నీళ్లెక్కువైతే ఆకులేసుకొని కూచుంటాది,
మరిచిపోతే పూస్తాది.
దాన్ని సాకాలంటే
కొంచెం మతిమరుపు ఉండాల.

దానిమ్మ మాత్రం పక్కింటి మాబున్ని ఇచ్చింది,
గోడ మీంచి చెయ్యి చాచి,
"పువ్వు నీకు, కాయ నాకు" అని.

బిళ్ళగన్నేరును ఎవరూ తేలేదు.
బండకూ బండకూ నడుమ
వెంట్రుకంత సందులో తానే లేచి నిలబడింది.
కుండీ చూపిస్తే వద్దంది.

చిన్న కుండీ ఈ వాకిట్లో గిన్నె లెక్క.
వేర్లను ఉడకబెడతాది.
బర్రెలకు కుడితి పోసే సిమెంటు గాబులు కొన్నా,
ఇద్దరు పట్టినా కదలనివి.
ఎడారి గులాబికి మాత్రం పాత మట్టిబాన.
ఒక్కోదాని కింద మూడేసి బండముక్కలు,
నడుమ వేలంత గాలి.
పడమటి పక్క సున్నం పూసినా.
మన్ను మీద బుడ్డల పొట్టు,
పిడికెడు కాదు, గంపెడు.
మా ఆయన చూసి,
"నా బండల మీద బర్రెల కొట్టం పెట్టినావే!"

రోహిణికి రోళ్లు పగులుతాయంటారు.
ఐదేండ్లాయె, మా రోలు పగల్లేదు.
మొన్న మట్టిబాన పగిలింది,
లోపల ఆ బోదకాలు లావై.

ఒకటి చెప్పలేదు.
పాలపొడి డబ్బాలో మరువం ఉండాది.
దాన్ని చూసినప్పుడల్లా
కంబగిరి తల అడ్డంగా ఊపుతాడు.
పొద్దున తూర్పు గోడ కింద,
ఎండ నెత్తికెక్కితే దానిమ్మ కింది జానెడు నీడకు,
పొద్దు వాలితే పడమటి గోడ కిందికి,
దినానికి మూడు మార్లు మోస్తా.
ఎందుకే అని మా ఆయన ఎన్ని మార్లు అడిగినాడో.

నిన్న ఫ్యాక్టరీ నుంచి అన్నానికొచ్చినాడు.
నేను పొయ్యి కాడ ఉన్నా.
కిటికీలోంచి చూస్తే
చెప్పుల్లేవు, చేతిలో డబ్బా,
తాను పరిచిన బండ మీద తానే ఎగురుకుంటా
నీడ యాడుందా అని
ఎతుక్కుంటాండాడు.